కాశీలో వదిలిన మొరంగడ్డ

జనవరి 27, మంగళవారం

ఆయన ఈ రోజు లేచి కూర్చున్నాడు. మంచం మీదే, దిండుకు ఆనుకుని. గోడ వైపు తిరిగి మాత్రం కాదు — అదీ విశేషం. కంపెనీలో ఆఖరి డ్యూటీ చేసి, శాలువా, గోడ గడియారం పట్టుకుని ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆ గోడే ఆయనకు టీవీ, ఆ గోడే పేపరు. ట్రాక్టర్ల పార్టులు కొలిచి కొలిచి బతికిన మనిషి. ఇప్పుడు కొలవడానికి ఇంట్లో ఏముంది... నేను, నా నోరు.

చేతిలో ఫోన్. నేను అంగన్‌వాడీకి వెళ్ళేటప్పుడు అదే చూస్తున్నాడు, తిరిగొచ్చాక కూడా అదే. తొంగి చూశాను. ఎవరో తెల్లాయన, నల్లటి ఇనుప పెనం, అందులో ఏవో ముక్కలు. శబ్దం పెట్టుకోలేదు. మూగ వంట.

"ఏం చూస్తున్రు?"

"ఏం లే."

సంతోషపడాలా, భయపడాలా... తెలియడం లేదు. అన్నం మాత్రం మారు పెట్టించుకున్నాడు.

జనవరి 28, బుధవారం

బయటికి వెళ్ళాడు. తనంతట తానే. చెప్పులు తొడుక్కుంటుంటే వంటింట్లోంచి ఊపిరి బిగబట్టి చూశాను — పలకరిస్తే మళ్ళీ విప్పేస్తాడేమోనని.

రెండు సంచులతో వచ్చాడు. ఒకదాంట్లో మంచు పట్టిన ప్యాకెట్. సాసేజ్ అట. బస్టాండు దగ్గర ఐస్‌క్రీములు అమ్మే దుకాణంలో దొరికిందట. "చికెన్‌దే. ఖీమా కొట్టి గిట్ల వేళ్ల లెక్క చేస్తరు" అన్నాడు. నెలన్నర తర్వాత ఆయన నోట వచ్చిన పొడుగాటి మాట అదే. రెండో సంచి వంటింటి అరుగు మీద కుమ్మరించాడు.

మొరంగడ్డలు. ఎర్రవి, మట్టి కూడా వదలనివి. మా అంగన్‌వాడీ సెంటర్ చార్టులో చిలగడదుంపలని రాసి ఉంటుంది. శివరాత్రి దగ్గర పడుతోంది కదా, బండ్ల మీద కుప్పలు పోస్తున్నట్టున్నారు.

ఒక్కటి కూడా ముట్టుకోకుండా వెనక్కి జరిగాను.

"గివెందుకు తెచ్చిన్రు?"

"వండుత."

"ఎవరు?"

"నేనే."

ఇన్నేళ్ళ కాపురంలో చాయ్ కూడా పెట్టి ఎరుగడు. వండక వండక వండేది ఇదేనా, దేవుడా.

జనవరి 29, గురువారం

రాసుకుంటేనన్నా తేటపడుతుందేమో. రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట ఆయనకు గుండెపోటు. స్టెంటు వేశారు. ఇంటికి తెచ్చుకున్నాక నాకు నిద్ర ఎక్కడిది, ఆయన ఊపిరి వింటూ పడుకోవడమే. ఆ ఏడు కార్తీకంలో కాలనీ వాళ్ళం బస్సు మాట్లాడుకుని కాశీ వెళ్ళాం. కాశీకి పోతే ఇష్టమైనది ఒకటి వదిలి రావాలి. కాయో, పండో. గంగలో నిలబడి తలా ఒకటి చెబుతున్నారు. ఆయన అందరికీ వినబడేలా "కాకరకాయ" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ ముట్టిన మనిషి కాదు. బస్సంతా నవ్వింది.

నేను నవ్వలేదు. నడుం లోతు నీళ్ళలో నిలబడి లోపల్లోపల అనుకున్నాను — మొరంగడ్డ వదులుతున్నాను తండ్రీ, ఈ మనిషి గుండె జోలికి రాకు.

కాకరకాయ ఎవరైనా వదులుతారు. ప్రాణం అడుగుతూ, అక్కర్లేనిది చేతిలో పెడితే ఆ దేవుడు మాత్రం తీసుకుంటాడా? నాకు మొరంగడ్డ అంటే ఇంతా అంతా కాదు. చిన్నప్పుడు చేను గట్టున తవ్వుకుని, పొయ్యి బూడిదలో కాల్చుకుని, నోరు కాలినా ఆగకుండా తినేదాన్ని. శ్రావణి కడుపులో ఉన్నప్పుడు ఇంకేదీ ఇమడక వాటి మీదే బతికాను.

ఆయనకు చెప్పలేదు. చెప్పకూడదు. మా అత్త బతికున్నప్పుడు అనేది — "మొక్కు నోట్లె ఉంటేనే మొక్కు. ఎవరి కోసం మొక్కినవో వాళ్ల చెవుల పడ్డదంటె ఉత్త ముచ్చట." పక్కన మునుగుతున్న మా వదినకు మాత్రం — ఆయన అక్కకు — నా పెదవులు కదలడం కనబడింది. ఆమె ఒక్కతే సాక్షి. శివరాత్రి ఉపవాసానికి ఇంటింటా తినేది మొరంగడ్డే. పోయిన శివరాత్రికి ఆయన సెకండ్ షిఫ్టులో ఉండి నేను తిననిది చూడలేదు కాబట్టి గండం గడిచింది.

ఇప్పుడు? తింటే మొక్కు తప్పినట్టు. తినకపోతే, ఇప్పుడిప్పుడే లేచిన మనిషి మళ్ళీ గోడ వైపు. చెబితే మొక్కే పోతుంది. రాసినా తేటపడలేదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

వండాడు.

పాత యూనిఫాం చొక్కా తొడుక్కున్నాడు, నూనె మరకలు పడినా పర్వాలేదట. మొరంగడ్డలు చెక్కు తీసి, ముక్కలు కోయడానికే పొద్దు సగం గడిచింది. ఒక్కో ముక్క ఎత్తి, కన్ను చిట్లించి చూసి, మూల ఎక్కువుంటే చెక్కుతాడు. "అన్ని ఒక్క సైజే ఉండాలె. లేకుంటె ఒకటి మాడుతది, ఒకటి పచ్చిగుంటది." చదరం ముక్కలు, పాచికల్లాగా. ఉల్లిగడ్డ, క్యాప్సికం, మిరియాల పొడి. చివరన సాసేజ్.

దీన్ని హ్యాష్ అంటారట. మనం వేపుడు అంటాం. పేరుకేం గానీ...

సాసేజ్ సాగుతోంది. నమిలినా నమిలినా తెగదు. ఆయన కూడా నములుతున్నాడు. చివరికి నోట్లోంచి తీసి చూస్తే సన్నటి ప్లాస్టిక్ పొర. ఒక్కోదానికీ ఒక తొడుగు ఉందట, వలిచి వెయ్యాలట. ఇద్దరం తొడుగులతో సహా వేయించుకుని తింటున్నాం. నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది — పెదవి ఒక పక్కకు వంగింది. ఎన్నాళ్ళయింది ఆ వంపు చూసి.

ఆ నవ్వులో గడ్డ ముక్కలు పళ్ళెం అంచుకు తోశాను. "పొర తీసి నిమ్మళంగ తింట" అని పెరట్లోకి తెచ్చుకున్నాను. పక్కింటి సుగుణ కోళ్ళు గోడ ఎక్కి చూస్తున్నాయి. గడ్డ ముక్కలన్నీ వాటికే వేశాను. తొందరలో సాసేజ్ ముక్క కూడా ఒకటి పడింది. కోడి వచ్చి కోడిని తినిపోయింది. ఈ పాపం ఎవరి మీదికి వస్తుందో అదొక కొత్త బెంగ.

ఫిబ్రవరి 2, సోమవారం

నీసు లేని రోజు. గడ్డం గీసుకున్నాడు. "మల్ల ఎప్పుడు వండుదాం?" అని అడిగాడు. బుధవారం అన్నాను. అనకపోతే బాగుండేదేమో. అనకుండా ఎలా ఉంటాను.

ఫిబ్రవరి 4, బుధవారం

సాసేజ్‌కు పొర వలిచాడు. ఇంకా నేర్చుకున్నాడు — ముందు గడ్డ ముక్కలకు మూత పెట్టి మగ్గించాలి, తర్వాత మూత తీసి కదపకుండా వదలాలి. నేను అలవాటుగా గరిటె పెట్టబోతే చేయి పట్టుకున్నాడు.

"కలపకు. అడుగు పట్టనియ్యి. రుచంత గాడనే ఉంటది."

ఇన్నేళ్ళు అడుగంటకుండా కాపాడుకోవడమే వంట అనుకున్నాను నేను. అల్లం కూడా వేశాడు. వీడియోలో లేదట. "జహీరాబాదుల ఉండి అల్లం ఎయ్యకుంటె ఎట్ల?" ఆ మాటకు మళ్ళీ ఆ పెదవి వంపు.

ఘుమఘుమ. అబద్ధం ఎందుకు, నోట్లో నీళ్ళూరాయి. పెనం అడుగున ఎర్రగా పట్టిన ముక్కలన్నీ గీకి, నా పళ్ళెంలో వేశాడు.

"అడుగుది నీకే."

నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. సెంటర్ పిల్ల ఒకతి పడిపోయిందని ఫోన్ వచ్చిందని చెప్పి, పళ్ళెం మూత పెట్టి, కొంగు చాటున పట్టుకుని పెరటి తలుపు గుండా బయటికి వచ్చేశాను. ఏ పిల్లా పడిపోలేదు. సుగుణ కోళ్ళు మాత్రం నన్ను గుర్తుపట్టడం మొదలుపెట్టాయి.

ఫిబ్రవరి 5, గురువారం

సుగుణకు చెప్పేశాను. కోళ్ళు బలుస్తున్నాయని ఆమే అడిగింది.

ఆమె చర్చికి వెళ్ళే మనిషి. నా మాట మొత్తం విని, కొంగుతో చేతులు తుడుచుకుంది. "అక్కా, మాకు కూడ ఉపాసాలున్నయి, ఇడ్సిపెట్టుడున్నది. కని దేవుడు పళ్ళెం దిక్కు చూస్తడా, మనసు దిక్కు చూస్తడా? అన్న లేసి వంట చేస్తుండు. నువ్వు తిను."

సరే అనిపించింది. తినేద్దాం అనుకున్నాను. గడప దాటి మా వాకిట్లోకి రాగానే ఆ ధైర్యం కాస్తా అటే ఉండిపోయింది.

ఫిబ్రవరి 7, శనివారం

ఝరాసంగంలో ఉన్న వదినకు ఫోన్ చేశాను. పంటలు, పశువులు, మోకాళ్ళ నొప్పులు అన్నీ అయ్యాక అసలు మాట.

"ఓ పిల్లా, కాశీల ఇచ్చింది కాశీలనే ఉండాలె. మల్ల నోట్లె పెట్టుకుంటవా? మా తమ్ముడు మంచిగుండు గదా. ఎందుకుండు? నువ్వు ఇడ్సిపెట్టినవ్ గన్కనే ఉండు."

"మంచిగ యాడున్నడు వదినా, మొన్నటి దాంక గోడ దిక్కు చూసుకుంటనే పండిండు."

"పండితె పండిండు. ఉన్నడు గదా."

ఫోన్ పెట్టేశాక ఆ మాటే చెవిలో తిరుగుతోంది. ఉన్నాడు కదా. నేను అడిగింది ఉండడమేనా? గంగలో నిలబడ్డప్పుడు సరిగ్గా ఏమని అడిగానో ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటున్నాను. గుండె అన్నాను. మనిషి అనలేదు. పొరపాటు అక్కడే జరిగిందా?

ఫిబ్రవరి 8, ఆదివారం

శ్రావణి ఫోన్. సంగారెడ్డి నుంచి వచ్చే ఆదివారం వస్తుందట, శివరాత్రికి.

"అమ్మా, నాన్నకేమైంది? నాకు ఫోన్ చేసి పావుగంట మాట్లాడిండు. సాసేజ్ గురించి."

"గదే, ఏదో వీడియో..."

"ఏదో వీడియో కాదంట. మస్తు వంటలు చూసిండంట, అన్నిట్ల గిదొక్కటే మీ అమ్మకు ఇష్టమైన గడ్డ ఉన్నదని గిదే నేర్చుకుంటున్న అన్నడు. 'ఎన్నడు ఏం అడగలే నన్ను, ఒక్కటన్న ఆమెకు ఇష్టమైంది చేసి పెడ్త' అన్నడమ్మా."

వంటింట్లో కింద కూర్చుండిపోయాను. ఆయన ముందు గదిలో కత్తి నూరుకుంటున్నాడు. ఏడ్చాను. ఎందుకు అని అడిగితే చెప్పలేను — ఆయన మీద ప్రేమతోనా, ఆ గంగమ్మ మీద కోపంతోనా, రెండూనా.

ఈ రోజూ వండాడు. ఈ రోజూ కోళ్ళే తిన్నాయి.

ఫిబ్రవరి 11, బుధవారం

దొరికిపోయాను.

కరెంటు బిల్లు మనిషి ఎవరి గేటో అడిగితే చూపించడానికి ఆయన సుగుణ ఇంటి వైపు వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఆమె పెరటి గోడ దగ్గర ఆగాడు. వంగాడు. లేచేసరికి అరచేతిలో ఒక ముక్క.

జహీరాబాద్ మొత్తంలో మొరంగడ్డను అంత సమానంగా, నాలుగు మూలలూ తీర్చి కోసేవాళ్ళు ఇంకెవరున్నారు? తన చేతి కొలత తనకు తెలియదా?

నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన ఆ ముక్కను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, గోడ మీద పెట్టి వచ్చాడు. అరిచినా బాగుండేది. చెంబెడు నీళ్ళు తాగాడు. "మంచిగ లేకుంటె చెప్పొచ్చు గదా" అన్నాడు, నా వైపు చూడకుండా.

"గట్ల కాదు..."

"ఎట్ల మల్ల?"

ఎలాగో చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్నా చెప్పకూడదు.

యూనిఫాం చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

ఫిబ్రవరి 12, గురువారం

గోడ.

ఫిబ్రవరి 13, శుక్రవారం

గోడ. గంజి తాగాడు, సగం.

వీధి చివర కంపెనీ బస్సు హారన్ వినబడితే ఎప్పుడూ తల తిప్పేవాడు. ఈ రోజు అది కూడా లేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం. శివరాత్రి

వీధి వీధంతా మొరంగడ్డలు ఉడుకుతున్న వాసన. ఎక్కడికి పారిపోను.

శ్రావణి వచ్చింది. తనూ నేనూ ఒక్కపొద్దు, ఉపవాసం. వదిన ఝరాసంగం జాతరకు రమ్మని ఫోన్ మీద ఫోన్. వెళ్ళలేదు, ఈయన్ని వదిలి ఎక్కడికని. నేనే గడ్డలు ఉడకబెట్టి, బెల్లం పెట్టి, ఆయన మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. పళ్ళెం వైపు చూశాడు. తర్వాత నా వైపు.

"నువ్వు తిన్నవా?"

"తిన్న."

ఉపవాసం రోజు అబద్ధం. అదీ శివయ్య పటం కిందే నిలబడి. ఆయన ఇంకా చూస్తున్నాడు. నేను తిననని తెలిసే అడిగాడా, మామూలుగానే అడిగాడా? ఆ చూపుకు అర్థం వెతకలేక లేచి వచ్చేశాను.

వెళ్ళేటప్పుడు శ్రావణి బస్సెక్కుతూ, "మీ ఇద్దరి మధ్యల ఏమన్న అయిందా?" అంది. ఏమీ కాలేదే అన్నాను. నిజమే కదా, ఏం అయిందని చెప్పాలి. ఒక గడ్డ అయింది.

ఫిబ్రవరి 18, బుధవారం

నేనే వండాను. ఇంకేం తోచక.

కావాలనే వంటింటి తలుపు బార్లా తీసి పెట్టి, చప్పుడు చేస్తూ కోశాను. నా ముక్కల సంగతి తెలిసిందే — ఒకటి గోలీ అంత, ఒకటి సబ్బు బిళ్ళంత. సాసేజ్ అడ్డదిడ్డంగా. కాసేపటికి వెనక అలికిడి.

"గిట్ల కోస్తరా?"

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుపు బయట పడుతుంది. "నాకు వచ్చినట్ల కోస్తున్న. నచ్చకుంటె మీరె కొయ్యిన్రి."

కత్తి అందుకున్నాడు. నా ముక్కలన్నీ మళ్ళీ చెక్కాడు, ఒక్కటి వదలకుండా. పెనం పెట్టాడు, మూత పెట్టాడు, మూత తీశాడు. కదపలేదు. అడుగు పట్టింది. గీకాడు. కానీ ఈసారి నా పళ్ళెంలో వెయ్యలేదు. పెనం మధ్యలో పెట్టుకుని ఇద్దరం కింద కూర్చున్నాం. ఆయన తినడం లేదు. నన్ను తినమని కూడా అనడం లేదు. ఊరికే కూర్చున్నాడు — ఇది కూడా దండగే అన్నట్టు, ఏ క్షణమైనా లేచి మంచం మీదికి వెళ్ళిపోయేటట్టు.

తిన్నాను.

ఒక్క ముక్క. అడుగుది. పైన కరకర, లోపల మెత్తన, అల్లం ఘాటు, వెనకనుంచి ఆ తీపి... చిన్నప్పటి తీపి. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"కారమైందా?" అన్నాడు.

"లేదు. బగ్గ మంచిగుంది."

ఆయన అప్పుడు తిన్నాడు. కడుపారా తిన్నాడు. మిగిలిన సాసేజ్ మొత్తం ఆయనే. నాకు తృప్తిగా ఉంది. ఆ తృప్తి కిందే భయం కూడా ఉంది.

ఫిబ్రవరి 19, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న అది రాసి పెట్టి గిన్నెలు తోముతుంటే పిలిచాడు. వెళ్ళేసరికి ఛాతీ రుద్దుకుంటున్నాడు. "మంటగ ఉన్నది. పట్టేసినట్లున్నది." నుదుటి మీద చెమట.

సబ్బు చేతులతోనే గోడ దగ్గరికి పరుగెత్తి సుగుణను పిలిచాను. ఒక్క ముక్క. ఒక్క ముక్కకే.

సుగుణ ఆటో పిలుచుకొచ్చింది. దారంతా ఆయన తల నా భుజం మీద. నేను ఏం మాట్లాడానో నాకే సరిగ్గా తెలియదు. "నేనే తిన్న, నాదే తప్పు, ఇంకెన్నడు ముట్ట, ఆయన్ని ముట్టుకోకు..." అని గొణుగుతూనే ఉన్నాను. కాశీ అని కూడా అన్నానా? ఆటో చప్పుడు. ఆయన కళ్ళు మూసి ఉన్నాయి.

దవాఖానాలో ఈసీజీ తీశారు. రక్తం పరీక్ష చేశారు. గుండెకు ఏమీ కాలేదట. గ్యాస్. డాక్టరమ్మ అడిగింది, ఏం తిన్నరు అని. సాసేజ్ అన్నాను. ఎన్ని అంది. ఆయనే చెప్పాడు, తలొంచుకుని. "గుండె పేషెంటు గన్ని తింటడా? అంత ఉప్పే ఉంటది దాంట్ల" అని ఇద్దరినీ చెడామడా తిట్టింది. నన్ను ఎవరు తిట్టినా ఇంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

ఇంటికి వచ్చేశాం. పడుకున్నాడు. ఊపిరి మామూలుగానే ఉంది.

ఇప్పుడు ఏమనుకోవాలి? దేవుడు బెదిరించి వదిలాడా? లేక అది ఉత్త ఉప్పేనా? తిన్నా ఏమీ కాలేదు కాబట్టి మొక్కుకు బలం లేదనా, ఇన్నాళ్ళు తినలేదు కాబట్టే ఏమీ కాలేదనా?

వదినను అడిగితే ఒకటి చెబుతుంది, సుగుణను అడిగితే ఒకటి. ఎవరినీ అడగను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఇంకో మాట. ఆటోలో విన్నాడా?

ఫిబ్రవరి 22, ఆదివారం

మళ్ళీ యూనిఫాం చొక్కా తొడుక్కున్నాడు. వద్దంటే వినలేదు. సాసేజ్ ఒక్కటంటే ఒక్కటే తీశాడు, మా ఇద్దరికీ కలిపి, వాసనకు అన్నట్టు. కోడిగుడ్లు రెండు పక్కన పెట్టుకున్నాడు, పైన కొట్టి పోస్తాడట. నేను పొయ్యి దగ్గర తచ్చాడుతున్నాను. మళ్ళీ ఆ పరీక్ష మొదలు అనుకుంటూ.

ఆయన చెక్కు తీస్తున్నది ఆలుగడ్డలు.

"మొరంగడ్డలు లేవా?" అన్నాను.

"దొరకలే."

అరుగు కింద బుట్టలో ఉన్నాయి. అరడజను పైనే. నేను చూశాను. నేను చూడడం ఆయనా చూశాడు. ఇద్దరం ఆ బుట్ట వైపు చూడనట్టే నిలబడ్డాం.

ఆలుగడ్డ ముక్కలు, అదే సైజు. అడుగు పట్టనిచ్చాడు. గీకాడు. నా పళ్ళెంలో వేశాడు.

"అడుగుది నీకే."

తిన్నాను. మొత్తం తిన్నాను, పళ్ళెం తుడిచి మరీ. ఆయన చూస్తూ కూర్చున్నాడు, నేను ముగించేదాకా.

ఫిబ్రవరి 23, సోమవారం

సుగుణ బైబిల్ మీద ఒట్టేసింది, మొక్కు సంగతి ఆయనకు చెప్పలేదని. వదిన అయితే "నాకేం పని?" అంటూ గయ్‌మంది. మరి ఆటోనే. లేక ఎవరూ చెప్పకుండానే లెక్క కట్టాడా? ఏ పార్టులో ఎక్కడ తేడా ఉందో వేలితో తడిమి చెప్పే మనిషి. కాశీ వెళ్ళినది తెలుసు, అందరిలా నేనూ గంగలో ఏదో ఒకటి వదిలే ఉంటానని తెలుసు, ఏ ముక్క కోళ్ళకు పోయిందో ఏ ముక్క నేను తిన్నానో తెలుసు. ఇంకేం కావాలి.

అడగాలని నాలుక చివరదాకా వస్తోంది. అడిగితే చెప్పినట్టే. అడగకపోతే తెలియదు. ఆయనకు తెలిసిపోతే మొక్కు పోయినట్టా? నేను చెప్పకుండా ఆయనే తెలుసుకుంటే? మా అత్త దీని గురించి ఏమీ చెప్పి పోలేదు.

ఫిబ్రవరి 25, బుధవారం

ఆలుగడ్డే.

మార్చి 1, ఆదివారం

బుట్టలో మొరంగడ్డలు లేవు.

మొలకలొచ్చి, ఎర్రటి పిలకలు బుట్ట కంతల్లోంచి బయటికి తొంగి చూస్తుండేవి. పారేశాడనుకున్నాను. పారేసి ఉంటే మంచిదే అనుకున్నాను. కాస్త బాధ కూడా వేసింది, ఎందుకో.

బట్టలు ఆరేయడానికి మిద్దె ఎక్కితే, ఆయన అక్కడ ఉన్నాడు. లుంగీ మోకాళ్ళ దాకా మడిచి, చేతులకు ఎర్రమట్టి. పాత పెయింటు డబ్బా, నిండా మన్ను. గడ్డలు సగం పూడ్చి, పిలకలు పైకి. ఒక్కోదానికీ మధ్య అదే దూరం — వేళ్ళు పెట్టి కొలుచుకున్న గుర్తులు మట్టిలో ఇంకా ఉన్నాయి.

"ఏందిది?"

"మొలకలొచ్చినయి. పారెయ్యబుద్ధి కాలే."

"ఎవరు తింటరు గివి?"

నోరు జారింది. ఆయన చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు, ధార తెగకుండా. నేను తడి చీర చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కింద వీధి చివర కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఆయన తల తిప్పలేదు. కానీ ఆ తిప్పకపోవడం, గోడ రోజుల్లో తిప్పకపోవడం ఒకటి కాదు. అది నాకు తెలుసు.

"తీగ పారాలె" అన్నాడు. "గడ్డ ఊరాలె. నాలుగు నెలలు పడ్తదంట. అప్పటికి వానలు గూడ వస్తయి." చెంబు పక్కన పెట్టి, చేతులు దులుపుకున్నాడు. "ఎవరు తినాల్నో తవ్వినప్పుడు చూద్దాం."

నాలుగు నెలలు. రేపు కూరేం చెయ్యమంటారని అడిగితే "రేపటి సంగతి ఎవరికి ఎరుక" అనే మనిషి. వానల దాకా వెళ్ళిపోయాడు.

తవ్వినప్పుడు అన్నాడు. చూద్దాం అన్నాడు.

ఇంక కిందికి దిగి ఒక్కదాన్నే కూర్చున్నాను. సంతోషంగా ఉంది. దాన్ని సంతోషం అనొచ్చో లేదో తెలియడం లేదు. గడ్డను వదిలాను, సరే. తీగను వదిలానా? దానికి నీళ్ళు పోస్తే తప్పా? ఆకు కూర వండుకోవచ్చంటారు, ఆకు తింటే గడ్డ తిన్నట్టవుతుందా? గంగలో నిలబడ్డప్పుడు ఇవన్నీ ఎవరికి తోస్తాయి.

సాయంత్రం ఆయన చూడకుండా మిద్దె ఎక్కి నేనూ ఒక చెంబు పోసి వచ్చాను. మన్ను అప్పటికే తడిగా ఉంది. ఎక్కువైపోయిందేమో...